పాతకాపు పూచీ

ఆ ఆదివారం పొద్దున్న మనవాడు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. మామగారు వీధి చివరిదాకా నడిచి వచ్చేలోగా, భార్య వాషింగ్ మెషీన్ తిప్పేలోగా, ఫిడేలు చంకన పెట్టుకుని బాత్రూములో దూరాలి. గడియ వేసుకోవాలి. జోలపాట ఒకే ఒక్కసారి, ఎక్కడా జారకుండా వాయించి ఫోనులో రికార్డు చేయాలి. కాఫీ చల్లారేలోగా దాన్ని గుంపులో పెట్టేయాలి. బాత్రూమే ఎందుకంటే, ఆ పలకల గోడల మధ్య ఎవరి ఫిడేలైనా ఉన్నదానికంటే కాస్త పెద్దింటి బిడ్డలా వినిపిస్తుంది. ఆ కిటుకు అతను సొంతంగా కనిపెట్టాడు.

మనవాడంటే ఎవరో చెప్పలేదు కదూ. వాషింగ్ మెషీన్లు తయారుచేసే ఓ కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో గుమాస్తా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ తిట్లు చెవిన వేసుకోవడమే ఉద్యోగం. ఎవరెంత దులిపేసినా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని తేనె పూసినట్టు చెప్పి ఫోను పెట్టేస్తాడు. కంపెనీ మెషీన్ని ఎంత తిట్టినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. తన ఫిడేలుని ఒక్క మాటంటే మాత్రం రెండు పూటలు ముద్ద దిగదు. మనిషన్నాక ఎక్కడో ఓచోట చర్మం పల్చగా ఉంటుంది మరి.

నడివయసులో ఫిడేలు పట్టినవాడికి గురువులు దొరకరు, దొరికినా నిలవరు. అందుకని ఫోనులో "తప్పొప్పులు" అనే గుంపులో చేరాడు. సరదాకి పాడుకునేవాళ్ళూ వాయించుకునేవాళ్ళూ కలిసి పెట్టుకున్న గుంపు అది. బడిలో సంగీతం చెప్పి రిటైరైన ఒకావిడ దాన్ని నడుపుతుంది. ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. అక్కడ నియమం ఒక్కటే. ఎవరు ఏం వాయించి పెట్టినా, విన్నవాళ్ళు ఒక ఒప్పు, ఒక తప్పు చెప్పాలి. వట్టి పొగడ్త పనికిరాదు, వట్టి తిట్టూ పనికిరాదు. ఆ నియమం వల్ల అందరూ బాగుపడ్డారు. మనవాడి జోలపాట దగ్గరికొచ్చేసరికి మాత్రం పాపం, ఒప్పు వెతకలేక జనం నానా అవస్థలూ పడేవారు. "ఒప్పు: మీ ఫోను మంచిది" అని ఒకరు. "ఒప్పు: వెనక పలకల రంగు చూడముచ్చటగా ఉంది" అని ఇంకొకరు.

అందరికంటే పదును కత్తెరది. అతను వృత్తికి దర్జీ, సరదాకి క్లారినెట్ వాయిస్తాడు. ఆ పేరు వృత్తిని బట్టి పెట్టుకున్నానంటాడు గాని, నాలుకను బట్టి వచ్చిందని మిగతావాళ్ళ నమ్మకం. "తప్పు: జోలపాటలో ఆ పాపాయిని ఎందుకండీ అలా తరుముతున్నారు?" అని రాశాడోసారి. మనవాడు ఆ మాట ఆఫీసులో గుర్తొచ్చి, ఫోనులో ఉన్న కస్టమరుకి బదులు చెప్పడం మర్చిపోయాడు.

ఇంత అవమానం పడుతూ ఆ గుంపునే ఎందుకు పట్టుకు వేళ్ళాడుతున్నాడంటే దానికో కారణముంది. ఏటా ఒకసారి గుంపంతా ఓ హాలులో చేరి ఎదురెదురుగా వాయించుకుంటారు. మనవాడికి అక్కడ వాయించాలి. బతుకులో ఒక్కసారి, మనుషుల ముందు నిలబడి, మొదటినుంచి చివరిదాకా, ఎవరూ మధ్యలో లేచిపోకుండా వింటుంటే వాయించాలి. ఇంట్లో ఆ ముచ్చట తీరే దారి లేదు. అతను ఫిడేలు పెట్టె తెరవగానే భార్యకి పక్కింట్లో ఏదో పని గుర్తొస్తుంది. మామగారు మోకాలి ఆపరేషనయ్యాక వీళ్ళింట్లోనే ఉంటున్నారు గనుక పారిపోలేరు, తలుపు మాత్రం వేసుకుంటారు. అయితే ఆ హాలులో వాయించాలంటే గుంపులో అనుభవమున్న ఒకరు "ఇది వినదగ్గ వాయింపే, నేను పూచీ" అని రాయాలి. గడువు ఆ ఆదివారం సాయంత్రంతో సరి. అప్పటిదాకా మనవాడికి పూచీ పడ్డ పుణ్యాత్ముడు లేడు.

పథకం ప్రకారమే బాత్రూములో దూరాడు. జోలపాట సగందాకా నల్లేరు మీద బండిలా సాగింది. ఆ సగం దగ్గర, గోడకి అవతల భార్య మెషీన్ నొక్కింది. అది గుడగుడమని తిరగడం మొదలెట్టింది. వేగం పుంజుకుంది. దాంతోపాటు మనవాడూ పుంజుకున్నాడు. ఇద్దరూ కలిసి చివరిదాకా పరుగెత్తి, మెషీన్ కంటే ముందు అతనే చేరాడు. మళ్ళీ వాయించడానికి వ్యవధి లేదు, మామగారు బయట తలుపు కొడుతున్నారు. ఏదైతే అదవుతుందని పెట్టేశాడు.

మధ్యాహ్నానికి కత్తెర రాశాడు. "ఒప్పు: వెనక తాళం వేసినవారెవరో గాని మహా నిలకడగా వేశారు. తప్పు: మీరు ఆయనతో కలవలేదు."

గుంపులో నవ్వే బొమ్మలు వరసకట్టాయి. పూచీ మాత్రం రాలేదు. మనవాడు మంచమ్మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూశాడు. సిగ్గు, కోపం, ఆశ మూడూ కలిసి ఓ మనిషి బుర్రలో చేరితే ఎలాంటి ఆలోచన పుడుతుందో అలాంటిదే పుట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మనవాడు అడుసు చూడగానే చెప్పులు విడిచాడు.

గుంపులోకి కొత్త మనిషి రావాలంటే తెలిసినవాళ్ళు తీసుకురావాలి. మనవాడు ఇంకో నంబరుతో ఓ కొత్త మనిషిని పుట్టించి, "పాతకాపు" అని పేరు పెట్టి, పెద్దక్కకి తనే పరిచయం చేశాడు. "పెద్దవారు. నాకు ఇంట్లో మనిషిలాంటివారు," అని రాశాడు. ఫోటో కావలసొచ్చింది. ఫోనులో వెతికితే మామగారు రిటైరైన రోజు తీసిన ఫోటో కనబడింది. తెల్లటి మీసం, వెడల్పాటి నుదురు, గడ్డం కింద చెయ్యి, సంగీతమంతా తాగి మూతి తుడుచుకున్నట్టు చూపు. ఆ మొహాన్ని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదనిపించింది.

"మీ అనుభవం ఎంతండీ?" అని పెద్దక్క పాతకాపుని అడిగింది.

"నలభై ఏళ్ళుగా వింటున్నానమ్మా," అని పాతకాపు రాశాడు. అది అబద్ధం కాదు, మనవాడి చెవులు పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి. తర్వాత జోలపాట కింద రాశాడు. "ఈ కుర్రాడి చేతిలో పస ఉంది. నేను పూచీ."

తనని తాను కుర్రాడని రాసుకున్నప్పుడు మనవాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా పంపేశాడు. పెద్దక్క వెంటనే బదులిచ్చింది. "సంతోషమండీ. ఒప్పు చెప్పారు, మరి తప్పు? నియమం అందరికీ ఒకటే." ఆ సంగతి మనవాడు మర్చిపోయాడు. తనలో తప్పేముందని కాసేపు నిజంగానే ఆలోచించాడు. చివరికి పాతకాపు చేత ఇలా రాయించాడు: "తప్పు: వినయం కాస్త ఎక్కువ."

అక్కడితో ఆగితే కథే ఉండేది కాదు. కాని గుంపులో చేరినవాళ్ళు ఇతరులవీ విని చెప్పాలి కదా. మర్నాడు కత్తెర తన క్లారినెట్ పెట్టి, "పాతకాపుగారు మా మీద కూడా దయచూడాలి," అన్నాడు. మనవాడికి ముచ్చెమటలు పోశాయి. క్లారినెట్లో తప్పు పట్టేంత జ్ఞానముంటే ముందు తన ఫిడేలే బాగుపడేది. సరిగ్గా అప్పుడు బాల్కనీలోంచి మామగారి గొంతు వినబడింది.

మామగారు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. డ్రైవింగు పరీక్షకి వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, లైసెన్సు ఇవ్వాలో ఇంటికి పంపాలో తేల్చే ఉద్యోగం. ఎక్కువగా ఇంటికే పంపేవారని పేరు. ఇప్పుడు సీటు పోయింది గాని చూపు పోలేదు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద పోయే బండినల్లా పరీక్ష చేస్తుంటారు. "ఒరేయ్, నెమ్మదించాల్సింది మలుపుకి ముందురా. మలుపులోకొచ్చాక బ్రేకు కొడితే ఏం లాభం?" అంటున్నారు.

మనవాడు ఆ మాటనే కాస్త మర్యాద కలిపి టైపు చేశాడు. "నెమ్మదించవలసింది మలుపుకు ముందు నాయనా. మలుపులోకి వచ్చాక ఏం లాభం?"

 గంట తర్వాత కత్తెర ఇలా రాశాడు. "ఇన్నేళ్ళుగా నా వాయింపులో ఎక్కడో కుదుపు ఉందని తెలుసు గాని ఎక్కడో తెలీలేదు. మీరు చెప్పినట్టు వాయించి చూశాను. కుదుపు పోయింది. తమరి పాదాలెక్కడున్నాయో చెప్పండి." పాదాలు ఆ వేళకి బాల్కనీలో స్టూలు మీద ఉన్నాయి.

ఇక చూసుకోండి. గుంపంతా పాతకాపు కోసం కాచుకు కూర్చుంది. మనవాడు ఆఫీసు నుంచి రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా బాల్కనీ తలుపు వెనక నిలబడి, మామగారు నోరు విప్పితే చాలు రాసుకోవడం మొదలెట్టాడు. "ముందున్న బండిని చూసి నడపకు, రోడ్డుని చూసి నడుపు." "హారను కొట్టినంత మాత్రాన దారి రాదు." ఒక్కొక్కటీ ఒక్కొక్కరి కింద పెడితే, ఒక్కొక్కరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఈ పనిలో పడి మనవాడు తన ఫిడేలు ముట్టుకోవడమే తగ్గించాడు. అయినా చిత్రం, గుంపులో అతని వాయింపు కూడా బాగుపడిపోయింది. పాతకాపుగారు మెచ్చిన మనిషి కాబట్టి, అతని పాత రికార్డింగుల్లో కూడా జనానికి ఒప్పులు కనబడసాగాయి. "ఆ పరుగులో ఏదో అర్థముందండీ," అన్నారొకరు. ఆ మాట చదివి మనవాడు సంతోషించబోయి, మధ్యలో ఆగిపోయాడు.

అసలు దెబ్బ అప్పుడు పడింది. పెద్దక్క సభ వివరాలు పెడుతూ రాసింది. "పూచీ పడ్డవారు తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చుని, వాయింపు అయ్యాక లేచి, అందరి ముందూ ఒక ఒప్పు, ఒక తప్పు చెప్పి, పూచీ నిలబడిందో లేదో చెప్పాలి. ఎప్పుడూ ఉన్న ఆనవాయితీయే." ఎప్పుడూ ఉన్నదే గాని, ఎప్పుడూ పూచీ దొరకని మనవాడికి తెలిసే దారి లేదు.

పాతకాపుకి మోకాళ్ళ నొప్పులని రాశాడు. "కారు పంపుతాం, మెత్తటి కుర్చీ వేస్తాం," అంది పెద్దక్క. ఆ వారం ఊళ్ళో ఉండరని రాశాడు. "ఆయన లేని సభ ఎందుకు? వచ్చే వారానికి మార్చాం," అంది. పెద్దాయనకి జనం పడదని రాశాడు. "అయితే మేమే నలుగురం ఇంటికొచ్చి దర్శనం చేసుకుంటాం, చిరునామా ఇవ్వండి," అంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. ఒక దశలో పాతకాపుని చంపేద్దామా అని కూడా ఆలోచించాడు. కాని మామగారి ఫోటో కింద "ఇక లేరు" అని రాయడానికి చెయ్యి రాలేదు. అవతలి గదిలో ఆయన దగ్గు వినిపిస్తోందాయె.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటికీ మధ్య మామగారి కుర్చీ. మనవాడు వెళ్ళి దాని పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా, మీతో ఓ మాట."

"మోకాలి గురించైతే తగ్గింది. ఫిడేలు గురించైతే నాకు చెవులు బాగానే ఉన్నాయి," అన్నారు మామగారు పేపరు దించకుండా.

మనవాడు నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరో కస్టమరు గొంతులా వినిపించింది. మామగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఏదీ, ఆ ఫోటో చూపించండి," అన్నారు. కళ్ళజోడు సవరించుకుని చూశారు. "రిటైరైన రోజుది. బాగా పడ్డాను. ఇదేమిటి, ఈ మలుపు మాట నేనన్నదేగా?"

"అవును మామయ్యా."

"నేనన్నది ఆ చెత్తబండి డ్రైవరుని."

"అవును మామయ్యా."

"దీనికి వీళ్ళు దండాలు పెట్టారా?"

"పెట్టారు మామయ్యా."

మామగారు ఫోను వెనక్కివ్వకుండా ఇంకాస్త చదివారు. మీసం కింద ఏదో కదిలింది. "వస్తాను," అన్నారు చివరికి. "కాని అల్లుడుగారూ, ఓ సంగతి. ఉద్యోగమంతా పక్క సీట్లో కూర్చున్నాను. ఎవరి మొహం చూసీ లైసెన్సు ఇవ్వలేదు. సొంత తమ్ముణ్ణే వెనక్కి పంపాను, ఇప్పటికీ వాడు మాట్లాడడు. అబద్ధమాడటం నా వల్ల కాదు. అడక్కపోతే చెప్పను. అడిగితే చెప్తాను."

"మీరెవరని ఎవరూ అడగరు మామయ్యా. పొగుడుతారు, అంతే," అన్నాడు మనవాడు. అలా అన్నప్పుడు నిజంగానే నమ్మాడు.

ఈ గుట్టు భార్యకి తెలియకుండా ఉంచాలనుకున్నాడు గాని, మామగారు తన పాత కోటు ఇస్త్రీకి ఇవ్వడంతో అదీ అయిపోయింది. ఆవిడ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

"నాన్న సంగీత సభకి వెళ్తున్నారట. కాలింగ్‌బెల్లుకీ ఫోను మోతకీ తేడా తెలీని మనిషి. ఏం జరుగుతోందండీ ఈ ఇంట్లో?"

మనవాడు రెండోసారి మొత్తం చెప్పాడు. మొదటిసారి కంటే రెండోసారి సులువుగా ఉంటుందనుకున్నాడు. ఉండలేదు. ఆవిడ నవ్వుతుందేమో, అరుస్తుందేమో అని చూశాడు. రెండూ చేయలేదు.

"చిన్నప్పుడు నేను సైకిలు నేర్చుకుని, నాన్న ముందు వీధంతా ఓ చుట్టు తిరిగొచ్చాను. చప్పట్లు కొడతారని దిగి నిలబడ్డాను," అందావిడ. "'గంట కొట్టలేదు' అన్నారు. అలాంటి మనిషిని మీరు పూచీకి తీసుకెళ్తున్నారు. వెళ్ళండి. నేనూ వస్తాను."

సభ ఓ గ్రంథాలయం మేడమీద హాలులో. మడత కుర్చీలు వరసగా వేశారు. ముందు వరస మధ్యలో ఒకే ఒక మెత్తటి కుర్చీ, దాని ముందు కాలు చాపుకోవడానికి చిన్న పీట. మామగారు ఇస్త్రీ కోటులో లోపలికి అడుగుపెట్టగానే హాలంతా లేచి నిలబడింది. పెద్దక్క ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది. గుంపులో అంత పదునుగా కోసే కత్తెర ఎదురుగా చూస్తే బక్కపల్చటి మనిషి, నోట్లోంచి మాట పెగలదు. మామగారి పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "మలుపు, మలుపు" అని రెండుసార్లు అని ఊరుకున్నాడు. మామగారు ఎవరేమన్నా తల పంకించడం తప్ప మాట్లాడలేదు. మాట తప్పే మనిషి కాదు, ఎవరూ ఏమీ అడగలేదు.

మనవాడి వంతొచ్చింది. వేదిక మీద నిలబడి ఫిడేలు భుజానికి ఆనించాడు. హాలు నిశ్శబ్దమైంది. ఎవరూ లేవడం లేదు, ఎవరికీ పక్కింట్లో పని గుర్తురావడం లేదు. ఇన్నాళ్ళూ కలగన్న ఆ నిశ్శబ్దం తీరా ఎదురుగా వచ్చి నిలబడితే, అది తనకి రావలసింది కాదనీ, మామగారి మీసానికి వచ్చిందనీ అతనికి తెలిసిపోయింది. కమాను తీగ మీద పెట్టాడు. పలకల గోడలు లేని చోట తన ఫిడేలు ఎలా ఉంటుందో అతను మొట్టమొదటిసారి విన్నాడు. పల్చగా, బెదురుగా, కాస్త కీచుమంటూ. సగందాకా ఎలాగో నిలిపాడు. సగం దాటాక భయం పట్టుకుంది, ఎప్పుడు దిగిపోదామా అనిపించింది. అరచెయ్యి చెమట పట్టి కమాను జారింది, పట్టుకున్నాడు, ఇక చూడకుండా పరుగెత్తాడు. ముగించాక జనం చప్పట్లు కొట్టారు, పాతకాపుగారి వైపు చూస్తూ కొట్టారు.

"ఇప్పుడు పూచీ పడ్డవారు మాట్లాడతారు," అంది పెద్దక్క.

మామగారు మోకాలు పట్టుకుని మెల్లగా లేచారు.

"ఒప్పు ఒకటుందమ్మా. ఈయన పొద్దున్నే సాధన చేస్తారు. పక్కగదిలో నేను పడుకుంటాను. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఆ సంగతి ఈయనకీ తెలుసు. అయినా మానలేదు, ఈ మధ్య ఫోను పట్టుకున్నాకే తగ్గింది. తప్పంటారా, మొదట్లో బాగానే నడిపారు. సగంలో భయపడ్డారు. భయపడ్డవాళ్ళు నెమ్మదిస్తారనుకుంటాం గాని, ఇంకా వేగం పెంచుతారు. నేను చాలామందిలో చూశాను."

హాలంతా తలలూపింది. మనవాడికి ప్రాణం కుదుటపడబోయింది.

"అయితే మీ పూచీ నిలబడినట్టేనా అండీ?" అని అడిగింది పెద్దక్క.

"నేను పూచీ పడలేదమ్మా," అన్నారు మామగారు. "నా ఫోటో పడింది. నాకు సంగీతం రాదు. నేను బ్రేకు ఇన్‌స్పెక్టర్ని."

 మనవాడికి వెనక వరసలో భార్య చేతిరుమాలుతో మొహం కప్పుకోవడం కనబడింది. అందరి కళ్ళూ మామగారి మీదినుంచి మెల్లగా వేదిక మీదికి వచ్చాయి. తేలు కుట్టిన దొంగలా కమాను పట్టుకుని నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాడు. నాలుక దానికి అలవాటైన దారిన అది పోయింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం," అన్నాడు.

ఎవరో పకాలుమన్నారు. ఆ నవ్వుతో సిగ్గు ఇంకో మెట్టు పైకెక్కింది. ఇక దాయడానికేమీ మిగల్లేదు. "నేనే," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆ పాతకాపుని నేనే. నా మీద రాసింది నేనే, పూచీ పడ్డదీ నేనే. వినయం ఎక్కువని రాసింది కూడా నేనే." ఈసారి నవ్వు హాలంతా పాకింది. పెద్దక్క ఒక్కతే నవ్వలేదు.

"తప్పు వాయిస్తే ఇక్కడెవరూ ఏమీ అనరు తమ్ముడూ. అందుకేగా ఈ గుంపు పెట్టుకున్నాం," అంది మెత్తగా. "తప్పు చెప్పే మనిషే దొంగమనిషైతే, రేపు ఎవరి మాట నమ్మి వాయించుకోవాలి మేమంతా? నిన్ను ఉంచుకోలేను."

గట్టిగా తిట్టుంటే భరించేవాడే, ఉద్యోగమే అది. మెత్తగా అనేసరికి ఫిడేలుని పెట్టెలో తలకిందులుగా పెట్టి, మూత పడక అవస్థపడ్డాడు. మామగారు తన టోపీ తీసుకుని తలుపు వైపు నడిచారు. అప్పుడు కత్తెర అడ్డం వచ్చాడు.

"ఆ మలుపు మాట మీదేనాండీ? నిజంగా మీరన్నదేనా?"

"నేనన్నదే. చెత్తబండినన్నాను."

"ఎవర్నంటే ఏంలెండి. నా కుదుపు పోయింది," అన్నాడు కత్తెర. తర్వాత పెద్దక్క వైపు తిరిగి, అంత పొడుగు మాట బతుకులో మొదటిసారి పైకి అన్నాడు. "అక్కా, మన గుంపులో అందరం వాయించేవాళ్ళమే. ఎదుటివాడిది ఎప్పుడైపోతుందా, నాది ఎప్పుడు పెడదామా అని చూసేవాళ్ళమే. ఊరికే వినే మనిషి ఒక్కడు లేడు. ఈయన్ని పోనివ్వద్దు."

పెద్దక్క మామగారి వంక చూసింది. మామగారు ఆ మెత్తటి కుర్చీ వంక చూశారు. వెళ్ళి కూర్చున్నారు. అలా ఆ సాయంత్రం ఉన్న మనిషి గుంపులోంచి పోయాడు, లేని మనిషి చేరాడు. ఫోటో ఎలాగూ అందులోనే ఉంది, మార్చవలసిన పని కూడా పడలేదు.

ఆ తర్వాత మనవాడు ఫిడేలు పెట్టె మంచం కిందికి తోసేశాడు. ఆఫీసులో కస్టమర్లతో మాట్లాడేటప్పుడు, అసౌకర్యం అన్న మాట దాటేసి వట్టి 'చింతిస్తున్నాం' అని ఫోను పెట్టేసేవాడు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, అదే ఎక్కువ బాధగా ఉండేది. ఓ పొద్దున్న మామగారే అడిగారు.

"సాధన మానేశారేం?"

"సిగ్గుగా ఉంది మామయ్యా."

"ఉండాలి. లేకపోతే నేను కంగారుపడేవాణ్ణి," అన్నారాయన. "సిగ్గుతోనే వాయించండి. ఆ బాత్రూములో కాదు, ఇక్కడ. సగం దగ్గర నేను చెయ్యెత్తుతాను. ఎత్తినప్పుడు ఆగండి."

ఆ రోజు మామగారు చెయ్యి ఎత్తుతూనే ఉన్నారు. తర్వాత తర్వాత తక్కువసార్లు ఎత్తారు. మనవాడికి మొదట్లో ప్రతిసారీ మొహం మండేది. రానురాను మంట తగ్గింది, చెయ్యి ఎప్పుడు లేస్తుందో ముందే తెలియసాగింది. తెలిశాక అది లేచే అవసరం తగ్గింది. ఓ రోజు జోలపాట చివరిదాకా వచ్చి తలెత్తి చూస్తే, మామగారి చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో అతనికి తెలీదు. పక్కింటికి మాత్రం వెళ్ళలేదు.

కొన్నాళ్ళకి భార్య, తండ్రి ఫోను చేత్తో పట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్న మీది రికార్డు చేసి గుంపులో పెట్టారండీ. పేరు పెట్టలేదు. 'పక్కగదిలో ఎవరో' అని రాశారు. కత్తెర ఏమన్నాడో చూడండి."

మనవాడు చూశాడు. "ఒప్పు: ఈ జోలపాట వింటే నిజంగా నిద్రొచ్చింది. తప్పు: ఇలాంటి మనిషిని ఇన్నాళ్ళూ గుంపులోకి తేకపోవడం," అని ఉంది. కింద పెద్దక్క, "ఎవరండీ ఈయన? ఈసారి సభకి నేనే పూచీ పడతాను," అని రాసింది. మనవాడు రెండుసార్లు చదివాడు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. తిన్నగా మామగారి దగ్గరికెళ్ళాడు.

"మామయ్యా, వాళ్ళు నన్ను రమ్మంటున్నారు."

"మిమ్మల్ని కాదు, పక్కగదిలో ఎవర్నో రమ్మంటున్నారు," అన్నారు మామగారు. "వెళ్ళండి, నాకూ సంతోషమే. కాకపోతే ఆ ఎవరో మీరేనని ముందు పెద్దక్కకి మీరే చెప్పాలి."

మనవాడు ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు, ఈలోగా సాధన మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది.